జిమ్‌కు వెళ్లేవారు కిడ్నీ పరీక్షకు ఎలా రావాలి

నిన్న సాయంత్రం స్క్వాట్లు, రాత్రి చికెన్ బిర్యానీ, పొద్దున్నే కిడ్నీ పరీక్ష. ఇలా మాత్రం రాకండి బాబూ. విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ల్యాబ్‌లో రక్తం తీయడం నా పని. సాయంత్రాలు పటమటలో నేనూ బరువులెత్తుతాను. ప్రోటీన్ పొడి తాగితే కిడ్నీలు పాడవుతాయని అమ్మలు, ఏమీ కాదని కోచ్‌లు చెప్పడం రోజూ వింటాను. ఎ.కొండూరు తండాల కిడ్నీ జబ్బుల గురించి పేపర్లో చదివే ఊరు మనది, అమ్మల భయాన్ని తప్పుపట్టలేను. అయితే క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి ఎవరూ తీర్పు చెప్పకూడదు.

క్రియాటినిన్ కండరాల్లోంచి వచ్చే వ్యర్థం. కండ ఎక్కువున్నవారికి అదీ ఎక్కువే ఉంటుంది. జిమ్‌లో బలం కోసం వాడే క్రియేటిన్ పొడిలో కొంత క్రియాటినిన్‌గా మారుతుంది. వండిన మాంసం, కఠిన వ్యాయామం కూడా దాన్ని కొన్ని గంటలో, రోజులో పెంచుతాయి. ఇక రిపోర్టులో కనిపించే ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంచనా, సాధారణంగా ఆ అంకెకే వయసు, లింగం కలిపి కట్టే లెక్క. 26 ఏళ్ల అబ్బాయికి క్రియాటినిన్ 1.4 వస్తే, ఈ లెక్కకు వాడే 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రం ఈజీఎఫ్‌ఆర్ 71 అని చూపిస్తుంది. అతను 58 కిలోల బక్కవాడా, 95 కిలోల వస్తాదా అన్నది ఆ సూత్రం అడగదు.

కాబట్టి పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి బరువులు ముట్టుకోవద్దు. ముందురోజు రాత్రి మాంసం మానండి. నీళ్లు మామూలుగా తాగండి, బిందెడు తాగి రానక్కర్లేదు. క్రియేటిన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. చాలామంది దీన్ని సిగరెట్టులా దాస్తారు, ఎందుకో మరి.

అంకె ఎక్కువ వస్తే రెండు పరీక్షల గురించి డాక్టరును అడగండి. మొదటిది రక్తంలో చూసే సిస్టాటిన్-సి అనే ప్రోటీన్, ఇది కండల మీద అంతగా ఆధారపడదు. కాకపోతే థైరాయిడ్ తేడాలు, స్టెరాయిడ్ మందులు దాన్ని మారుస్తాయి, అవీ చెప్పాలి. రెండోది మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రోటీన్)-క్రియాటినిన్ నిష్పత్తి. నన్నడిగితే ముందు ఇదే చేయించమంటాను. పొద్దున లేవగానే పోసిన మూత్రం తెండి. గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపుంటే మామూలే. తేడా మూడు నెలలకు పైగా నిలిస్తేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు.

కిడ్నీలు బాగున్నవారికి ఒంటి బరువులో కిలోకు 1.6 గ్రాముల ప్రోటీన్ చాలు. 70 కిలోలవారికి 112 గ్రాములు. గుడ్డుకు 6 గ్రాములు, పప్పు, పెరుగు, చికెన్ లెక్కేసుకున్నాక తక్కువైనంతే పొడి కలుపుకోండి. షుగర్, బీపీ ఉన్నవారు, ఒకే కిడ్నీతో ఉన్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

నాకు పొడి కంటే నొప్పి మాత్రలంటేనే భయం. మే నెల బెజవాడ ఎండలో చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, భుజం నొప్పికి డైక్లోఫెనాక్ మింగితే కిడ్నీకి వెళ్లే రక్తం ఇంకా తగ్గుతుంది. కండ కోసం వాడే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కిడ్నీ వడపోతను మచ్చలు పడేలా దెబ్బతీసిన కేసులున్నాయి. పొడి డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు లేకపోతే, ఎంత తక్కువకిచ్చినా కొనకండి.

భారీ వ్యాయామం తర్వాత కండలు వాచి, మూత్రం కోలా రంగులో వస్తే మా ల్యాబ్ తెరిచేదాకా ఆగవద్దు. అది కండరాలు చితికి కిడ్నీలను ముంచే స్థితి కావచ్చు. రాత్రయినా సరే, ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.