రేసింగ్ గేమ్ మధ్యలో ఆగిపోతుంటే – 4వ పాఠం: పడిన చోటు వేరు, పడిన కారణం వేరు

ఈసారి గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి మళ్లీ ఎక్కించడం నేర్చుకుందామని కిందటి పాఠం చివర చెప్పాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. 3వ పాఠం తర్వాత మీరు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. చాలామందికి గేమ్ నాలుగో ల్యాప్‌లో ఆగడం పోయి, అసలు తెరుచుకోవడమే మానేసింది. ముందు దాన్ని బాగుచేసుకోవాలి.

ఇందులో తప్పు నాది. విండోస్ ఎర్రర్లు రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ విభాగం తెరిచి, 1000 నంబరు ఎర్రర్ పట్టుకుని, అందులో 'ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్' (గేమ్ ఏ ఫైలులో ఉండగా పడిందో దాని పేరు) రాసుకోమన్నాను. ఆ పేరు దొరికాక ఏం చేయకూడదో చెప్పలేదు. మీలో ఎక్కువమందికి అక్కడ ఎన్‌టీడీఎల్ఎల్ అనే విండోస్ మూల ఫైలు కనిపించింది. 'ఈ ఫైలే పాడైంది' అనుకుని, ఇంటర్నెట్‌లో డీఎల్ఎల్ ఫైళ్లు (ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఉండే ఫైళ్లు) విడివిడిగా ఇచ్చే సైట్ల నుంచి ఒకటి దించుకుని గేమ్ ఫోల్డర్లో పెట్టారు. ఫలితం లేకపోయేసరికి ఎంఎస్‌వీసీపీ140, వీసీరన్‌టైమ్140 అనే విజువల్ సీ ప్లస్ ప్లస్ డీఎల్ఎల్‌లు కూడా తెచ్చిపెట్టారు. అప్పటి నుంచి గేమ్ తెరవగానే సి000007బి అనే ఎర్రర్. (కోడ్‌లకు ముందుండే '0ఎక్స్' అన్నిటికీ ఒకటే కాబట్టి ఈ పాఠమంతా దాన్ని వదిలేసి రాస్తున్నాను.)

ముందు పెట్టినవి తీసేద్దాం

గేమ్ ఫోల్డర్ తెరిచి ఫైళ్లను తేదీ వారీగా పేర్చండి. మీరు తెచ్చిపెట్టిన డీఎల్ఎల్‌లు పైకి వస్తాయి. వాటిని తీసేయండి. తర్వాత స్టీమ్‌లో 'వెరిఫై ఇంటిగ్రిటీ ఆఫ్ గేమ్ ఫైల్స్' నడపండి. ఈ వరస ముఖ్యం. వెరిఫై చేసేది పోయిన ఫైళ్లను తేవడం, మారిన ఫైళ్లను సరిచేయడం మాత్రమే. గేమ్‌కు సంబంధం లేని ఫైలు అదనంగా అక్కడ ఉంటే దాని జోలికి పోదు. 'వెరిఫై చేశాను, అయినా అదే ఎర్రర్' అన్నవాళ్లందరి సంగతీ ఇదే.

ఒక హెచ్చరిక. అసెట్టో కోర్సా ఆడేవాళ్లు కస్టమ్ షేడర్స్ ప్యాచ్ వేసుకుని ఉంటే గేమ్ ఫోల్డర్లో డీరైట్ అనే డీఎల్ఎల్ ఉంటుంది. అది ఆ ప్యాచ్‌ది, తీసేస్తే ప్యాచ్ పనిచేయదు. రీషేడ్ వాడేవాళ్లకు డీఎక్స్‌జీఐ పేరుతో ఒకటి ఉండవచ్చు. మీరు చేత్తో పెట్టినవి మాత్రమే తీయండి.

విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్లో పెట్టినవాళ్లకు ఇంకాస్త పని ఉంది. పెట్టింది ఎంఎస్‌వీసీపీ లేదా వీసీరన్‌టైమ్ అయితే, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ దించుకుని 'రిపేర్' నొక్కండి. ఎక్స్64 (64 బిట్), ఎక్స్86 (32 బిట్) రెండూ చేయాలి. పెట్టింది విండోస్ సొంత ఫైలు అయితే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు డీఐఎస్ఎం రిస్టోర్‌హెల్త్, అది పూర్తయ్యాక ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడపండి. పాడైన విండోస్ ఫైలు స్థానంలో పెట్టడానికి ఎస్ఎఫ్‌సీ మంచి నకలును ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందో ఆ నిల్వను డీఐఎస్ఎం బాగుచేస్తుంది. నిల్వే పాడై ఉంటే ఎస్ఎఫ్‌సీ ముందు నడిపి లాభం లేదు.

సి000007బి ఎందుకు వచ్చిందంటే, 64 బిట్ గేమ్ పక్కన 32 బిట్ డీఎల్ఎల్ పెట్టారు. పేర్లు ఒకటే, లోపలి నిర్మాణం వేరు. ఇక్కడ విండోస్ పేర్లే మనల్ని పక్కదారి పట్టిస్తాయి. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్ ఫైళ్లు ఉండేది సిస్‌వావ్64లో. పేరు చూసి ఫైలు పెట్టినవాళ్లు తప్పు ఫోల్డర్లోనే పెట్టి ఉంటారు.

డీఎల్ఎల్ దించుకోవడం గురించి

ఈ ఒక్క విషయం మీద ఎక్కువసేపు మాట్లాడతాను. చాలా ఏళ్లుగా చూస్తున్నాను, ప్రతిసారీ కోపం వస్తూనే ఉంది. ఎన్‌టీడీఎల్ఎల్ పాడైతే మీ గేమ్ కాదు, విండోసే లేవదు. విండోస్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామూ దాని మీదుగానే వెళ్తుంది. మీరు బ్రౌజర్ తెరిచి ఆ ఫైలు దించుకోగలిగారంటేనే మీ దగ్గరున్నది బాగుందని అర్థం.

మరి దాని పేరు ఎందుకు వచ్చింది? కారు టైరు రెండో ల్యాప్‌లోనే కోసుకుపోయిందనుకోండి. కాసేపు అలాగే నడిచి మూడో ల్యాప్ మలుపులో గోడను గుద్దుకుంది. ప్రమాదం జరిగిన చోటు రాయమంటే గోడ అనే రాస్తారు. గోడ మార్చితే తర్వాతి రేసులో అదే టైరు మళ్లీ కోసుకుపోతుంది. 'ఫాల్టింగ్ మాడ్యూల్' అంటే గోడ.

గేమ్ లోపల జరిగేదీ ఇదే. కారు మోడల్, ట్రాక్ ఉపరితలం, ఇంజిన్ శబ్దం వీటన్నిటికీ గేమ్ మెమరీలో చిన్నచిన్న గదులు అడుగుతుంది. ఆ గదుల లెక్క చూసేది ఎన్‌టీడీఎల్ఎల్. సరిగ్గా తయారుకాని ఒక మోడ్ కారు (బయటివాళ్లు తయారుచేసి గేమ్‌కు చేర్చింది) తన గది గోడ దాటి పక్క గదిలో రాసేసిందనుకోండి. ఆ క్షణాన ఏమీ కాదు. రెండు నిమిషాల తర్వాత ఇంకెవరో ఆ పక్క గది ఖాళీ చేయమంటారు. అప్పుడు ఎన్‌టీడీఎల్ఎల్ లెక్క సరిచూసి, తేడా కనిపెట్టి, ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపేస్తుంది. కోడ్ సి0000374 వస్తుంది. లెక్క తప్పిందని చెప్పింది అదే కాబట్టి దాని పేరు పడుతుంది. తప్పు చేసినవాడు రెండు నిమిషాల ముందే వెళ్లిపోయాడు.

ఇంకొకటి. ఎన్‌టీడీఎల్ఎల్‌ను గేమ్ ఫోల్డర్లో పెట్టినా గేమ్ దాన్ని చదవదు. మామూలు డీఎల్ఎల్‌ల కోసం విండోస్ ముందు ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్లోనే వెతుకుతుంది. ఇందాక చెప్పిన డీరైట్, విండోస్ ఫైలు పేరే పెట్టుకుని గేమ్ ఫోల్డర్లో కూర్చునే ఉపాయం, పనిచేసేది అందుకే. కానీ ఎన్‌టీడీఎల్ఎల్, కెర్నల్32 లాంటి మూలమైన కొన్నిటిని ఎప్పుడూ సిస్టమ్32 నుంచే తీసుకుంటుంది. కాబట్టి మొదటిది పెట్టినప్పుడు ఏ మార్పూ లేదు. ఎంఎస్‌వీసీపీ140కి ఆ రక్షణ లేదు. అది పెట్టగానే గేమ్ దాన్నే పట్టుకుంది, కూలబడింది.

డీఎల్ఎల్‌దే నిజంగా తప్పయ్యే సందర్భం లేదా అంటే, ఉంది. 2024లో వచ్చిన విజువల్ స్టూడియో 2022 17.10 వెర్షన్‌తో తయారైన ప్రోగ్రాములు, కంప్యూటర్లో పాత ఎంఎస్‌వీసీపీ140 ఉంటే దాని లోపలే సి0000005తో (ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుంటే వచ్చే కోడ్) కూలిపోయేవి. అప్పుడు కూడా మందు రీడిస్ట్రిబ్యూటబుల్ ప్యాకేజీ కొత్తది వేయడమే, విడి ఫైలు కాదు. 2015 నుంచి 2022 దాకా ఒకే ప్యాకేజీ. 2008, 2010, 2012, 2013 వేటికవే విడి. పాతవి అనవసరమని తీసేయకండి, పాత రేసింగ్ గేమ్‌లకు అవి కావాలి.

ఇప్పుడు అసలు పాఠం

ఒక్క క్రాష్‌ను చూసి నేను ఏ నిర్ణయానికీ రాను. మూడు కావాలి. మూడింటిలోనూ మూడు వరసలు రాసుకోవాలి: మాడ్యూల్ పేరు, ఎక్సెప్షన్ కోడ్ (ఏ రకం తప్పో చెప్పే నంబరు), ఫాల్ట్ ఆఫ్‌సెట్. కిందటిసారి మొదటిది ఒక్కటే రాయమన్నాను. ఆఫ్‌సెట్ అంటే ఆ మాడ్యూల్ మొదటి నుంచి ఎంత దూరంలో పడిందన్న లెక్క. మాడ్యూల్ ప్రతిసారీ మెమరీలో వేరే చోట కూర్చున్నా ఈ దూరం మారదు కాబట్టి, నిన్నటి క్రాష్‌నూ ఇవాళ్టి క్రాష్‌నూ పోల్చడానికి ఇదే ఆధారం. గేమ్‌కు అప్‌డేట్ వస్తే మాత్రం పాత ఆఫ్‌సెట్లు పనికిరావు, మళ్లీ మొదటి నుంచి మూడు.

మూడుసార్లూ అదే మాడ్యూల్, అదే ఆఫ్‌సెట్ అయితే సమస్య సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మోడ్, సెట్టింగ్స్ ఫైలు, ఓవర్‌లే (గేమ్ తెర మీద అదనంగా ఏదైనా చూపే ప్రోగ్రామ్), లేదా గేమ్‌లోని లోపమే. ఒక్కోసారి పేరే దారి చూపిస్తుంది. ఆర్‌టీఎస్ఎస్‌హుక్స్64 అని ఉంటే రివాట్యూనర్, గేమ్ఓవర్‌లేరెండరర్64 అంటే స్టీమ్ ఓవర్‌లే. ముందు దాన్ని ఆపి చూడండి.

దీనికి రెండు మినహాయింపులు. సి0000374 ఎప్పుడూ ఎన్‌టీడీఎల్ఎల్‌లో అదే చోట పడుతుంది, ఎందుకంటే అది ఫిర్యాదు రాసే చోటు. ఇ06డి7363 కూడా ఎప్పుడూ కెర్నల్‌బేస్‌లో అదే చోట. గేమ్ తనంతట తాను ఎర్రర్ లేవనెత్తి, దాన్ని ఎవరూ అందుకోకపోతే వచ్చేది అది. ఈ రెండింటికీ ఆఫ్‌సెట్ ఒకటే అయినంత మాత్రాన ఏమీ తేలదు. గేమ్ సొంత లాగ్ చదవాలి. అసెట్టో కోర్సాకు డాక్యుమెంట్స్‌లోని దాని ఫోల్డర్లో లాగ్స్ అని ఉంటుంది, చివరి పది వరసలు చాలు.

మూడుసార్లూ మూడు వేర్వేరు మాడ్యూళ్లు, వేర్వేరు కోడ్‌లు అయితే నా చూపు వెంటనే ర్యామ్ మీదికి వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ తప్పు సాధారణంగా ఒకే చోట తడబడుతుంది. హార్డ్‌వేర్ తప్పుకు చోటంటూ ఉండదు. బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను మామూలు కంటే వేగంగా నడిపే సెట్టింగ్) ఆపేసి ఒక సాయంత్రం ఆడండి. ర్యామ్ వేగం తగ్గుతుంది, ఫ్రేములు కొన్ని పోతాయి, అయినా ఇదే అన్నిటికంటే చవకైన పరీక్ష. క్రాష్‌లు ఆగితే దోషి దొరికినట్టే. ఆగకపోతే రాత్రంతా మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష నడపండి. నేను డ్రైవర్ కంటే ముందు ఇది చేస్తాను. చాలామంది దీన్ని చివర పెట్టుకుంటారు, అక్కడే వారాలు పోతాయి.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్నవాళ్లు ఇంకొకటి చూడాలి. వాటిలో కొన్నిటికి వోల్టేజ్ అవసరానికి మించి వెళ్లడం వల్ల ప్రాసెసరే క్రమంగా దెబ్బతినే సమస్య ఉంది. ఇంటెల్ 2024 ఆగస్టులో 129, సెప్టెంబరులో 12బి అనే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ లోపలి ఆదేశాలకు సవరణలు) ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. అవి కొత్త బయోస్‌తో వస్తాయి. అప్‌డేట్ ఇక ముందు జరిగే నష్టాన్ని ఆపగలదు కానీ, ఇప్పటికే దెబ్బతిన్నదాన్ని బాగుచేయలేదు. గ్రాఫిక్స్ కార్డులో మెమరీ బోలెడు ఉన్నా, అన్‌రియల్ ఇంజిన్ గేమ్‌లు 'అవుట్ ఆఫ్ వీడియో మెమరీ' అని ఆగిపోవడం దీని గుర్తుల్లో ఒకటి.

అసలు 1000 నంబరే లేకపోతే సిస్టమ్ విభాగంలో చూడండి. 4101 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ జవాబివ్వలేదని అర్థం. కార్డు రెండు సెకన్లపాటు పలకకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేస్తుంది, దాంతో గేమ్ పోతుంది. కార్డు ఓవర్‌క్లాక్ తీసేయండి, ఫ్రేములకు హద్దు పెట్టండి. గరాజ్ మెనూలో హద్దు లేకుండా వందల ఫ్రేములు గీస్తూ కార్డు వేడెక్కడం రేసింగ్ గేమ్‌లలో మామూలే. 41 ఉంటే కంప్యూటర్ సరిగ్గా ఆగకుండానే మళ్లీ మొదలైంది. పవర్ సప్లై, వేడి, వైర్లు చూడాలి.

స్టీరింగ్ వీల్ గురించి నా అలవాటు చెప్తాను, మీరు పాటించాలని లేదు. వీల్, పెడల్స్, హ్యాండ్‌బ్రేక్ అన్నీ పీకేసి కీబోర్డుతో ఐదు ల్యాప్‌లు తిరుగుతాను. తర్వాత డాక్యుమెంట్స్‌లోని గేమ్ ఫోల్డర్ పేరు చివర 'పాత' అని చేర్చి గేమ్‌ను కొత్తగా మొదలుపెట్టనిస్తాను. సేవ్ ఫైళ్లు కొన్ని గేమ్‌లకు అక్కడే ఉంటాయి, అందుకే పేరు మారుస్తానే తప్ప తీసేయను.

అభ్యాసం

ఒకే ట్రాక్, ఒకే కారు, ఒకే వాతావరణం, అంతే సంఖ్యలో ప్రత్యర్థులు. క్రాష్ అయ్యేదాకా నడపండి, అలా మూడుసార్లు. ప్రతిసారీ ల్యాప్ నంబరు, సమయం, మూడు వరసలు కాగితం మీద రాయండి. ఆ తర్వాత ఒకే ఒక్క మార్పు చేసి మళ్లీ మూడు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఆ ఆరూ వృథా. దీనికి వారం పట్టవచ్చు, పట్టనివ్వండి.

ఈలోగా ఈ ముగ్గురిలో ఒక్కొక్కరూ మొట్టమొదట చేయాల్సిన ఒక్క పని ఏమిటో రాసి ఉంచుకోండి.

మొదటివారికి మూడుసార్లూ ఎన్‌టీడీఎల్ఎల్, సి0000374, అదే ఆఫ్‌సెట్. కిందటి వారం రెండు మోడ్ ట్రాక్‌లు, ఒక మోడ్ కారు వేసుకున్నారు.

రెండోవారికి ఒకసారి గేమ్ పేరే, సి0000005. ఒకసారి ఎన్‌టీడీఎల్ఎల్, సి0000005. ఇంకోసారి గేమ్ పేరే, కానీ సి000001డి. ఆఫ్‌సెట్లు కలవవు. ల్యాప్ నంబర్లూ కలవవు.

మూడోవారికి 1000 ఎక్కడా లేదు. వానలో రాత్రి రేసు పెట్టినప్పుడు మాత్రమే 4101.

డ్రైవర్ తీసి ఎక్కించడం 5వ పాఠంలో. అప్పటిదాకా డ్రైవర్‌ను ముట్టుకోకండి. మధ్యలో అది మారితే మీ కాగితం మీదున్న లెక్కలను ముందూ వెనకా పోల్చలేం.