పండగల సీజన్ మొదలయ్యేలోపు పొట్ట కొలుచుకోండి

పోయిన నెలలో మా ల్యాబ్‌కు 38 ఏళ్ల మనిషి ఒకాయన వచ్చారు. ఇన్సూరెన్స్ పాలసీ కోసం రక్త పరీక్షలు. సన్నటి చేతులు, సన్నటి కాళ్లు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 63 కిలోలు. పరగడుపు షుగర్ 214 వచ్చింది. రిపోర్టు ఇస్తే నమ్మలేదు. "అన్నా, నేను లావు లేను కదా. మా ఇంట్లో మా అన్నయ్య లావు, ఆయనకే షుగర్ లేదు. శాంపిల్ మారిపోయిందేమో చూడన్నా" అన్నారు. మళ్లీ రక్తం తీశాను. 209.

ఆయన కుర్చీలో కూర్చున్నప్పుడు చూశాను. చొక్కా కింది రెండు గుండీల మధ్య బనీను కనిపిస్తోంది. బెల్టు పొట్ట కిందకి జారి ఉంది. లోపలి గదిలో టేపు పెట్టి చూస్తే పొట్ట 96 సెంటీమీటర్లు.

పదహారేళ్లుగా రక్తం తీస్తున్నాను. "నేను లావు లేను కదా" అన్న మాట వినకుండా వారం గడవదు. దసరా, దీపావళి, కార్తీక వనభోజనాలు, మార్గశిరంలో పెళ్లిళ్లు, క్రిస్మస్ కేకులు, సంక్రాంతి అరిసెలు వరసగా వచ్చేస్తున్నాయి. స్వీట్లు తగ్గించండి, నడవండి అని నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నేను చూసినంతలో మనుషుల్ని ముంచుతున్నది ఒకే ఒక్క తప్పు. వేయింగ్ మెషిన్‌ను నమ్ముకుని ధీమాగా ఉండిపోవడం.

మెషిన్ ఒంట్లో ఎంత బరువుందో చెబుతుంది. అది ఎముకో, కండో, కొవ్వో, ఆ కొవ్వు తొడల దగ్గర ఉందో పేగుల చుట్టూ ఉందో చెప్పదు. షుగర్ రావడానికి అసలు లెక్క అక్కడే ఉంది.

కొవ్వు దాచుకోవడానికి ఒంట్లో మంచి చోటు చర్మం కింద, ముఖ్యంగా తొడలు, పిరుదుల దగ్గర. అక్కడున్న కొవ్వు పెద్దగా హాని చేయదు. ఆ చోటు నిండాక మిగిలింది పేగుల చుట్టూ, కాలేయంలో, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌లో చేరుతుంది. పేగుల చుట్టూ తిరిగిన రక్తం నేరుగా కాలేయానికే వెళ్తుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు. మనం ఏమీ తినకపోయినా రాత్రంతా రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది. "రాత్రి ఏమీ తినలేదండీ, పొద్దున్నే 130 ఎలా వచ్చింది?" అని అడిగేవాళ్లకు చాలాసార్లు జవాబు ఇదే.

చర్మం కింద దాచుకునే చోటు మనవాళ్లకు తక్కువ. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో తమ ఫొటో పక్కపక్కన పెట్టి లాన్సెట్ పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే లెక్క) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మా ల్యాబ్‌కు వచ్చినాయన బీఎంఐ కూడా దాదాపు అంతే. 2021లో ఇంగ్లండ్‌లో లెక్కలు తీస్తే, తెల్లవాళ్లకు బీఎంఐ 30 దగ్గర ఉన్న షుగర్ ముప్పు దక్షిణాసియా వాళ్లకు 23.9 దగ్గరే ఉందని తేలింది. 5 అడుగుల 6 అంగుళాల మనిషికి లెక్క కడితే వాళ్లకు 84 కిలోల దగ్గర ఉన్న ముప్పు మనకు 67 కిలోలకే. లండన్‌లో, డాలస్‌లో ఉండే మన పిల్లలు అక్కడి చార్టు చూసి "నేను నార్మల్" అనుకోకూడదు. మనకు 23 దాటితే చాలు, ఎక్కువ బరువు కింద లెక్క.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని చెప్పింది. అందరూ ఆ అంకెలే చెప్పుకున్నారు. నన్ను భయపెట్టిన అంకె వేరే ఉంది. బీఎంఐ ప్రకారం లావున్నవాళ్లు నూటికి 28.6 మంది, పొట్ట ఉన్నవాళ్లు 39.5 మంది. అంటే నూటికి కనీసం పది మంది మెషిన్ ఎక్కి "బాగానే ఉన్నాను" అనుకుని దిగిపోతున్నారు.

కొలవడం ఇలా. బట్టలు కొలిచే టేపు చాలు. కుట్టుమిషన్ సొరుగులో ఉంటుంది. పక్కటెముకల చివరి అంచు ఒక చేత్తో, తుంటి ఎముక పైభాగం ఇంకో చేత్తో పట్టుకుని చూడండి. ఆ రెండింటికి సరిగ్గా మధ్యలో, ఒంటి మీద, చుట్టూ సమంగా టేపు పెట్టండి. మామూలుగా గాలి వదిలాక చూడండి. పొట్ట లోపలికి లాగకండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. పొట్ట కొలత ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలన్నది ఇంకో లెక్క. 160 సెంటీమీటర్ల ఎత్తుంటే 80 లోపు.

మగవాళ్లు ప్యాంటు సైజును నమ్ముకుంటారు. "పదేళ్లుగా 34 సైజేనండి" అంటారు. పొట్ట పెరిగేకొద్దీ బెల్టు కిందకి దిగుతుంది. ప్యాంటు నిలబడేది తుంటి మీద. అక్కడ పెద్దగా పెరగదు, సైజు మారదు.

ఆడవాళ్లకు ఆ సైజు కూడా ఉండదు. చీర ఎంత నడుముకైనా సరిపోతుంది, లెగ్గింగ్ సాగుతుంది. మా ఆవిడ ఒకరోజు లంగా బొందు చూపించింది. కొన్నప్పుడు ముడి వేశాక జానెడు వేలాడేదట. ఇప్పుడు ముడికే చాలడం లేదు. బరువు మాత్రం మూడు కిలోలే పెరిగింది. నెలసరి ఆగే వయసులో కొవ్వు తొడల నుంచి పొట్ట వైపు మళ్లుతుంది, కాబట్టి 45 దాటినవాళ్లు మెషిన్‌ను అసలే నమ్మకండి. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన ఆడవాళ్లు సన్నగా ఉన్నా సరే ఏటా పరీక్ష చేయించుకోవాలి.

ఇక పండగల రోజులకు.

దసరా ముందే ఒకసారి కొలిచి, తేదీ వేసి, క్యాలెండర్ వెనక రాసుకోండి.

పొట్ట హద్దు దాటినా, అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నా, మెడ వెనక చర్మం మందంగా నల్లబడినా పరీక్ష వాయిదా వేయకండి. పరగడుపున ఒకటి, గ్లూకోజు తాగిన రెండు గంటలకు ఒకటి. పరగడుపుది ఒక్కటే చేయించుకుని వెళ్లిపోకండి, దానిలో దొరకనిది రెండోదానిలో దొరుకుతుంది. పరగడుపున 100 దాటితే అంచున ఉన్నట్టు, 126 దాటితే షుగర్ అనుమానమే. రక్తహీనత ఉన్నవాళ్లు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే నమ్మకండి, అది తప్పు చూపించవచ్చు.

పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి కడుపు మాడ్చుకుని రాకండి. ఆ మూడు రోజులూ మీ రోజువారీ తిండి తినండి, పరీక్ష రోజు పొద్దున మాత్రం పరగడుపున రండి.

పెళ్లి భోజనం అవ్వగానే కుర్చీలో కూలబడకండి. పదిహేను నిమిషాలు నడవండి. చక్కెరను ఎక్కువగా వాడుకునేది కాళ్ల కండలే. సన్నటి కాళ్లు, ముందుకొచ్చిన పొట్ట ఉన్నవాళ్లు కండ పెంచాలి. కుర్చీలోంచి చేతులు పెట్టకుండా లేచి కూర్చోవడం రోజూ చేయండి.

సిటప్‌లతో పొట్ట ఒక్కటే కరగదు. వైబ్రేషన్ బెల్టులకు డబ్బు తగలేయకండి. కొవ్వు లాగే ఆపరేషన్ చర్మం కిందిదే తీస్తుంది, పేగుల చుట్టూ ఉన్నది అలాగే ఉంటుంది.

షుగర్ మాత్రలు వాడుతూ డాక్టరుకు చెప్పకుండా ఉపవాసాలు చేయకండి. కొన్ని మాత్రలతో షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది. పండగ నాడు స్వీటు తింటాం కదా అని మాత్ర రెట్టింపు వేసుకోకండి. మానేయకండి.

మందు, పక్కన వేపుళ్లు, అర్ధరాత్రి బిర్యానీ. ఈ మూడూ ఒకే రాత్రి వద్దు.

లావున్న అన్నయ్యకు షుగర్ లేదని మీకు రాదనుకోకండి.

మెషిన్ ఎక్కి ధీమాగా దిగకండి.

అన్నిటికంటే ఇది గట్టిగా చెబుతున్నాను. ఏమీ చేయకుండానే బరువు తగ్గుతోందా? దాహం, రాత్రి నాలుగైదుసార్లు మూత్రం, నీరసం ఉన్నాయా? సన్నబడ్డానని సంతోషించకండి, ఆ రోజే పరీక్షకు వెళ్లండి. షుగర్ బాగా పెరిగినప్పుడు ఒళ్లు అలాగే కరుగుతుంది. "మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను" అని ఆనందంగా వచ్చినవాళ్లకు 400 దాటిన రిపోర్టు ఇచ్చాను. వాళ్లకు మెషిన్ శుభవార్తే చూపించింది.

కనుమ వెళ్లిన మర్నాడు పొద్దున్నే, ఏమీ తినకముందు, అదే టేపుతో అదే చోట మళ్లీ కొలవండి. రెండు సెంటీమీటర్లు పెరిగితే ఆ వారంలోనే రక్త పరీక్షకు వెళ్లండి. క్యాలెండర్ వెనక రాసిన రెండు అంకెలూ కాగితం మీద ఎక్కించి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.