గ్రాఫులో అక్షరాలు మసకగా వస్తే: నా అనుభవం
మర్రిగూడ, నాంపల్లి మండలాల బోరునీళ్లలో ఫ్లోరైడ్ మీద రాసిన పేపర్ రివ్యూ నుంచి వెనక్కొచ్చింది. డేటా బాగుందన్నారు, గ్రాఫుల్లో అక్షరాలే చదవలేకపోతున్నామన్నారు. నల్లగొండ జిల్లా నీళ్ల గురించిన గ్రాఫులో ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితిని చూపే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గీత పక్కన అంకె కనబడకపోతే ఇంక ఆ బొమ్మ ఎందుకు?

అసలు చిక్కు సైజు దగ్గర ఉంది. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా 6.4 అంగుళాల వెడల్పు బొమ్మ గీసి, 10 పాయింట్ల అక్షరాలు పెడుతుంది. మా జర్నల్ కాలమ్ 3.5 అంగుళాలే. అందులో ఇమిడేలా కుదిస్తే అక్షరం ఐదున్నర పాయింట్లకు పడిపోతుంది. అందుకే బొమ్మనే 3.5 అంగుళాలకు గీయించి, అక్షరాలు 8 పాయింట్లు పెట్టాను. ఆ తర్వాత దాన్ని ఎక్కడా లాగలేదు, కుదించలేదు.

బొమ్మను చుక్కలుగా దాచే పీఎన్‌జీ మానేసి, గీతలుగానే ఉంచే పీడీఎఫ్‌గా సేవ్ చేశాను. ఇప్పుడు ఎంత జూమ్ చేసినా అక్షరం అంచు చెదరదు. అయితే ఈ పీడీఎఫ్‌లో డీఫాల్ట్‌గా టైప్ 3 అనే రకం ఫాంట్లు వస్తాయి, కొన్ని జర్నళ్లు వాటిని తీసుకోవు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ సెట్టింగుల్లో పీడీఎఫ్ ఫాంట్‌టైప్‌ను (pdf.fonttype) 42 చేస్తే వాటి బదులు ట్రూటైప్ రకం ఫాంట్ ఫైల్‌లోనే చేరుతుంది.

పంపే ముందు నూరు శాతం సైజులో ప్రింట్ తీసి చూడండి. స్క్రీన్‌ను నమ్మొద్దు.