ఎడ్జ్ నుంచి క్లౌడ్ దాకా – 4వ పాఠం: జవాబు రాకపోతే?

పోయిన పాఠంలో ఎడ్జ్ పరికరం (సెన్సర్ ఉన్న చిన్న బోర్డు) కోసం రాసిన ప్రోగ్రామ్ 10 సెకన్లకోసారి ఉష్ణోగ్రత చదివి, ఎంక్యూటీటీ (చిన్న పరికరాలు మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) మీద క్యూఓఎస్ 0తో (చేరిందో లేదో చూసుకోకుండా) బ్రోకర్‌కి, అంటే మెసేజ్‌లను మధ్యలో అందుకుని పంచే సర్వర్‌కి, పంపుతోంది. క్లౌడ్‌లోని సర్వీసు దాన్ని అందుకుని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రాస్తోంది. ఇప్పుడు పరికరం నెట్ కేబుల్ పీకేసి, ఒక గంట తర్వాత మళ్లీ పెట్టండి. ఆ గంటలో రావాల్సిన 360 రీడింగుల్లో చాలావాటికి డేటాబేస్‌లో అతీగతీ ఉండదు.

నెట్ లేనప్పుడు దాచిపెట్టి, వచ్చాక పంపితే సరి అనిపిస్తుంది. అయితే నెట్ లేదని పరికరానికి ఎలా తెలుస్తుంది? పంపినదానికి జవాబు రాకపోతేనే కదా. చిక్కంతా అక్కడే ఉంది. మెసేజ్ అసలు చేరలేదేమో, లేదా చేరి, తిరిగొచ్చే జవాబే దారిలో పోయిందేమో. పరికరం వైపు నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఎంత తెలివైన కోడ్ రాసినా ఆ తేడా పట్టుకోలేం. మళ్లీ పంపకపోతే డేటా పోవచ్చు, పంపితే రెండుసార్లు చేరవచ్చు. పోయిన రీడింగ్‌ను తిరిగి తేలేం, రెండోసారి వచ్చినదాన్ని మాత్రం తీసేయగలం. కాబట్టి జవాబు వచ్చేదాకా పంపుతూనే ఉందాం, డూప్లికేట్ల సంగతి క్లౌడ్ చూసుకుంటుంది.

‘క్యూఓఎస్ 2 పెడితే ఒక్కసారే చేరుతుందిగా, ఇదంతా ఎందుకు?’ అని చాలామంది అడుగుతారు. ఆ హామీ మీ ప్రోగ్రామ్‌కీ బ్రోకర్‌కీ మధ్యే. పోస్టాఫీసు కౌంటర్లో ఇచ్చే రసీదు లాంటిదది, ఉత్తరం అవతలివాళ్ల చేతికి అందిందని అది చెప్పదు. క్లౌడ్ సర్వీసు బ్రోకర్ నుంచి మెసేజ్ తీసుకుని, డేటాబేస్‌లో రాసేలోపు క్రాష్ అయితే? ఎంక్యూటీటీని తప్పుపట్టలేం. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దాన్ని తయారుచేసింది, చమురు పైప్‌లైన్ల సమాచారం శాటిలైట్ లింకుల మీద తక్కువ ఖర్చుతో పంపడానికి. మీ డేటాబేస్ బాధ్యత దానిది కాదు. నేనైతే క్యూఓఎస్ 1 (బ్రోకర్‌కి కనీసం ఒక్కసారైనా చేరే పద్ధతి) పెట్టి, ‘డేటాబేస్‌లో రాశాను’ అనే జవాబు క్లౌడ్ సర్వీసు చేతే వేరే టాపిక్ (మెసేజ్‌ల చిరునామా) మీద పంపిస్తాను.

డూప్లికేట్ అని క్లౌడ్ గుర్తుపట్టాలంటే ప్రతి రీడింగ్‌కీ ఒక ఐడీ ఉండాలి. ఆ ఐడీ రీడింగ్ పుట్టినప్పుడే పెట్టాలి. పంపేటప్పుడు పెడితే, మళ్లీ పంపిన ప్రతిసారీ కొత్త ఐడీ వచ్చి, అసలు పనికే ఎసరు పెడుతుంది. టైమ్‌స్టాంప్‌ను ఐడీగా వాడదామనీ అనిపిస్తుంది, వద్దు. రాస్ప్‌బెర్రీ పై 4 లాంటి బోర్డుల్లో పవర్ పోయినా నడిచే గడియారం లేదు. ఆన్ అయ్యాక ఎన్‌టీపీ సర్వర్ (నెట్ మీద సరైన టైమ్ చెప్పేది) అందేదాకా టైమ్ తప్పుగానే ఉంటుంది, అందిన తర్వాత ఒక్కసారిగా గెంతుతుంది. సీరియల్ నంబరే నయం.

పరికరంలో ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఇమిడే చిన్న డేటాబేస్) ఫైలు ఒకటి, అందులో ‘క్యూ’ అనే టేబుల్ పెట్టుకుందాం. లూప్ ఇలా ఉంటుంది:

రీడింగ్ తీసుకో
ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే రెండూ, లేకపోతే ఏదీ కాదు): నంబరు 1 పెంచు, రీడింగ్‌ను ఆ నంబరుతో క్యూలో రాయి
క్యూలో పాతవాటితో మొదలుపెట్టి, నంబరు వరుసలో పంపు
‘ఎన్ నంబరు దాకా రాశాను’ అని జవాబు వస్తే: ఎన్, అంతకన్నా చిన్న నంబర్లన్నీ క్యూలోంచి తీసెయ్

ఇందులో ఒక గొయ్యి ఉంది. ఎస్‌డీ కార్డు పాడై కొత్తది వేశారనుకోండి. నంబరు మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. ఈ పరికరం 1వ నంబరు తన దగ్గర ఎప్పుడో ఉందనుకుని క్లౌడ్ కొత్త రీడింగులన్నీ పారేస్తుంది. పైగా ‘రాశాను’ అని జవాబు కూడా ఇస్తుంది! ఎర్రర్ ఎక్కడా కనిపించదు. అందుకే ఎస్‌క్యూలైట్ ఫైలు మొదటిసారి తయారైనప్పుడు ఒక ర్యాండమ్ విలువ పుట్టించి అందులోనే దాచండి. దాన్ని ‘తరం’ అందాం. పరికరం పేరు, తరం, నంబరు, ఈ మూడూ కలిస్తేనే ఐడీ.

క్లౌడ్ వైపు పని చిన్నదే. ఆ మూడు కాలమ్స్ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే ఐడీ రెండుసార్లు పడకూడదనే నియమం) పెట్టి, ఇన్సర్ట్‌కి ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్’ (ముందే ఉంటే ఏమీ చేయకు) తగిలించండి. అయితే డూప్లికేట్ వచ్చినా ‘రాశాను’ అనే జవాబు పంపాల్సిందే. కొందరు డూప్లికేట్‌ను ఎర్రర్ కింద లెక్కేసి ఊరుకుంటారు. అప్పుడు పరికరం అదే రీడింగ్‌ను ఆగకుండా పంపుతూనే ఉంటుంది. ఇంకొకటి, రోజు సగటు లాంటివి లెక్కగడుతుంటే ఆ అప్‌డేట్ కూడా ఇన్సర్ట్ జరిగిన ట్రాన్సాక్షన్‌లోనే, కొత్త వరుస (రో) నిజంగా చేరినప్పుడే జరగాలి. లేకపోతే టేబుల్లో వరుస ఒకటే ఉన్నా లెక్కలోకి రెండుసార్లు ఎక్కుతుంది.

మళ్లీ పంపడానికి ఎంతసేపు ఆగాలన్నది తేలికే. 1, 2, 4, 8 సెకన్లు అంటూ రెట్టింపు చేస్తూ 5 నిమిషాల దగ్గర ఆపండి. ప్రతిసారీ సున్నాకీ అప్పటికి వచ్చిన సెకన్ల లెక్కకీ మధ్య ర్యాండమ్‌గా ఒక విలువ తీసుకుని అంతసేపు ఆగండి. లేదంటే బ్రోకర్ తిరిగి లేవగానే వేల పరికరాలు ఒకేసారి మీదపడి దాన్ని మళ్లీ పడగొడతాయి.

ఇక క్యూ నిండితే? స్టోరేజీకి హద్దుంది కాబట్టి ఏదో ఒకటి పారేయాలి. ఉష్ణోగ్రత లాంటివైతే పాతవి పోయినా పెద్ద నష్టం లేదు, అలారాలు మాత్రం వేరే క్యూలో ఉండాలి. కానీ 501 నుంచి 900 దాకా తీసేస్తే, క్లౌడ్ 501 కోసం కాచుకుని ‘500 దాకా రాశాను’ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి పారేసిన సంగతిని కూడా ఒక మెసేజ్‌గా పంపాలి: ‘501–900 లేవు, వాటికోసం ఆగొద్దు’. ఇది రాయకుండా వదిలేసిన సిస్టమ్స్ నెలల తరబడి బాగానే నడిచి, మొదటిసారి నెట్ ఎక్కువసేపు పోయినప్పుడు మొండికేస్తాయి.

అభ్యాసం: మెసేజ్ పంపాక, జవాబు అందేలోపు పరికరం ప్రోగ్రామ్‌ను ‘కిల్ -9’ (ఉన్నపళంగా ఆపేసే కమాండ్)తో చంపండి. ఆ తర్వాత క్లౌడ్ సర్వీసును, అది డేటాబేస్‌లో రాశాక, జవాబు పంపకముందు అలాగే చంపండి. తిరిగి నడిపి, పోస్ట్‌గ్రెస్‌లో నంబర్లు తెగకుండా వరుసగా ఉన్నాయో, ఏదైనా రెండుసార్లు పడిందో చూడండి. క్యూ పరిమితి 50 రీడింగులకు తగ్గించి ఇదే మళ్లీ చేయండి. 5వ పాఠంలో ఎదురు దిశ: క్లౌడ్ నుంచి పరికరానికి వెళ్లే సెట్టింగులు.