పదో తరగతి బీజగణితం, 7వ పాఠం: మైనస్ కనపడగానే కొట్టేయకండి

ఈసారి విచక్షణి (వర్గ సమీకరణం మూలాలు ఎలాంటివో చెప్పే రాశి) మొదలుపెట్టాలి. పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు మీరు చేసిన జవాబులు చూశాక దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. లెక్క ఇదీ: పెద్ద సంఖ్య వర్గంలోంచి చిన్న సంఖ్య వర్గం తీసేస్తే 112. చిన్న సంఖ్య వర్గం పెద్ద సంఖ్యకు 9 రెట్లు. ఆ సంఖ్యలేవి?

పెద్ద సంఖ్య య అనుకుంటే (పరీక్షలో మీ అలవాటు ప్రకారం ఎక్స్ రాసుకోండి) య² − 9య − 112 = 0. అంటే (య − 16)(య + 7) = 0. ఇక్కడిదాకా ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ తర్వాతే అందరూ ఒకే వాక్యం రాశారు: "−7 రుణ సంఖ్య కాబట్టి తీసుకోలేదు." 16, 12 అని జవాబు రాసి ముగించేశారు.

−7ని వదిలేయడం సరే, చెప్పిన కారణం మాత్రం తప్పు. ధన సంఖ్యలే కావాలని లెక్కలో ఎక్కడుంది? −7 పెట్టి చూడండి. చిన్న సంఖ్య వర్గం 9 × (−7) = −63 అవుతుంది. ఏ వాస్తవ సంఖ్య వర్గమూ మైనస్ రాదు, అందుకని పోతుంది. ఇలా పెట్టి చూసే అలవాటుంటే 16 దగ్గర కూడా ఆగేవాళ్ళు. వర్గం 144 అయితే చిన్న సంఖ్య 12 కావచ్చు, −12 కూడా కావచ్చు. −12 కూడా 16 కంటే చిన్నదే కదా! జవాబు రెండు జతలు: (16, 12), (16, −12).

వేగాలు, వయసులు, పొలం కొలతల లెక్కలు వరసపెట్టి చేయడం వల్ల ఈ జబ్బు పట్టుకుంటుంది. అక్కడ మైనస్ ఎలాగూ పనికిరాదు. దాంతో చేయి దానంతటదే కొట్టేస్తుంది. నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే, ఎందుకంటే దీని రెండో సగం ఇంకా ప్రమాదం: ప్లస్ వస్తే కళ్ళు మూసుకుని ఒప్పేసుకోవడం.

12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన 'బీజగణితం' గ్రంథంలో ఒక కోతుల లెక్క ఇచ్చాడు. గుంపులో ఐదో వంతులోంచి మూడు తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేస్తే ఎంతో అన్ని కోతులు గుహలోకి వెళ్ళాయి. ఒక్కటి మాత్రం కొమ్మ మీద కనిపిస్తోంది. మొత్తం ఎన్ని?

(య/5 − 3)² + 1 = య. సూక్ష్మీకరిస్తే య² − 55య + 250 = 0. మూలాలు 50, 5. రెండూ ధన సంఖ్యలే, రెండూ సమీకరణానికి సరిపోతాయి. 5 పెడితే గుహలో 4, కొమ్మ మీద 1, మొత్తం 5. ఎక్కడా తేడా కనపడదు. కానీ ఐదింటిలో ఐదో వంతు అంటే ఒక్క కోతి. ఒక్క కోతిలోంచి మూడు ఎలా తీస్తారు? −2 వచ్చింది, వర్గం చేసేసరికి 4 అయి ఆ మైనస్ కాస్తా దాక్కుంది. భాస్కరుడు 5ని వదిలేశాడు.

కాబట్టి మూలాలు రాగానే సమీకరణంలో కాదు, లెక్క మాటల్లో పెట్టి చూడండి. "ధన పూర్ణ సంఖ్య", "సహజ సంఖ్య" లాంటి మాటలుంటే ముందే కింద గీత గీసుకోండి.

బస్సు లెక్క గురించి క్లుప్తంగా. 240 కి.మీ. దూరం, వేగం గంటకు 8 కి.మీ. పెంచితే గంట ముందు చేరుతుంది. అసలు వేగం (య) ఎంత? య(య + 8) = 1920 వచ్చాక చాలామంది కారణాంకాల కోసం అరపేజీ ఖర్చు చేశారు. నేనైతే రెండువైపులా 16 కలిపేస్తాను: (య + 4)² = 1936 = 44². య = 40. ఇక్కడ −48ని నిశ్చింతగా కొట్టేయండి, వేగం కదా. 50 వరకు వర్గాలు నోటికి రాకపోతే మాత్రం ఈ దారి మీకు పనికిరాదు.

అభ్యాసం:

1. ఇదీ భాస్కరుడి కోతులదే. గుంపులో ఎనిమిదో వంతును వర్గం చేసినన్ని కోతులు అడవిలో ఆడుకుంటున్నాయి, మిగిలిన 12 కొండ మీద ఉన్నాయి. మొత్తం ఎన్ని? ఎన్ని జవాబులు నిలుస్తాయి?

2. రెండు మూలాలూ ధన సంఖ్యలే అయి, పెద్దదాన్ని మాత్రమే కొట్టేయాల్సిన లెక్క ఒకటి మీరే తయారు చేయండి. దీర్ఘచతురస్రాకారపు తోటలో, లోపలి అంచు వెంట చుట్టూ ఒకే వెడల్పుతో బాట వేసి మొదలుపెట్టండి.