వేదిక ఎక్కే ముందు ప్రసంగాన్ని సరిచూసుకోవడం ఎలా
హనుమకొండలో గానీ భూపాలపల్లిలో గానీ సభలో మాట్లాడే ముందు, రాసుకున్న ప్రసంగంలో "బొంద పెడతాం", "నరుకుతాం" వంటి మాటలు ఉన్నాయేమో వెతికి, ఉంటే కొట్టివేయండి. మా ఊరి సభలో ఆ మాట అన్న వక్త కారెక్కి వెళ్లిపోయాడు. ముందు వరుసలో చప్పట్లు కొట్టిన కుర్రవాడు మాత్రం కట్టె పట్టుకొని పక్క వాడకు బయలుదేరాడు. ఆ మాటకు బదులు ఎదుటి పక్షం తప్పు ఏ చెరువు పనిలో, ఏ ఏడాది బిల్లులో, ఎంత సొమ్ములో జరిగిందన్నది ఆధారంతో రాయండి. నిలదీయడానికి అంతకన్నా పదునైనది లేదు. చంపుతామని బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు, కులమతాల మధ్య ద్వేషం రేపితే 196వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అయినా నోరు జారితే, వేదిక దిగకముందే, అదే మైకులో ఆ మాటను వెనక్కి తీసుకోండి.