మెదడు ముక్కలో మైక్రోగ్లియా: రంగు వేయడం, కొలవడం, తప్పుగా చదవకుండా ఉండటం

రక్తనాళాలు ఇరుకైన తర్వాతో, వైరస్ వచ్చి తగ్గిన తర్వాతో జ్ఞాపకశక్తి మందగిస్తే ఇప్పుడు అందరి వేలూ మైక్రోగ్లియా వైపే. మెదడులో కాపలా కాసే రోగనిరోధక కణాలివి. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త రియో ఒర్తేగా వెండి లవణంతో వీటికి రంగు పట్టించి చూపించాడు. ఇప్పుడు ఆ పని ఈ కణాల్లో ఉండే ఐబా-1 అనే ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ చేస్తోంది. రంగు వేయడం తేలికే. చిక్కంతా ఆ రంగును చదవడంలోనే ఉంది. కింద చెప్పేది చిట్టెలుక (మౌస్) మెదడుకు వర్తించే పద్ధతి. జంతువులతో పనికి నైతిక కమిటీ అనుమతి, వైరస్ సోకిన జంతువులైతే బయోసేఫ్టీ అనుమతి ముందే చేతిలో ఉండాలి.

ఎక్కడ చూడాలో మొదట తేల్చుకోండి. మెడలోని రెండు కెరోటిడ్ ధమనులకూ 0.18 మి.మీ. లోపలి వ్యాసమున్న తీగచుట్ట తొడిగే మోడల్‌లో దెబ్బ ముఖ్యంగా తెల్ల పదార్థానికి తగులుతుంది. అక్కడ మెదడు రెండు సగాలనూ కలిపే కార్పస్ కలోసం చూడాలి. వెస్ట్ నైల్ వైరస్ మోడల్‌లో కాంప్లిమెంట్ అనే రోగనిరోధక ప్రోటీన్ల ద్వారా మైక్రోగ్లియా సినాప్సులను (నాడీకణాల మధ్య కలయికలను) తినేసేది జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో. ఒకదానికి చూడాల్సిన చోట మరొకదానికి చూసి "తేడా లేదు" అని రాసేస్తే ఆరు నెలల శ్రమ వృథా.

మెదడు తీయడం

గాఢమైన మత్తులో గుండె ఎడమ గదిలోంచి చల్లని పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం) 20 నుంచి 30 మి.లీ. పంపండి. కాలేయం పాలిపోయి, కుడి కర్ణిక నుంచి వచ్చే ద్రవం తేటబడేదాకా ఆగాలి. ఆ తర్వాతే కణజాలాన్ని ఉన్నదున్నట్టు నిలిపే ఫిక్సేటివ్, అంటే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ 30 మి.లీ. ఇది ఫ్యూమ్ హుడ్‌లోనే, పీహెచ్ 7.4 దగ్గర. తోక, కాళ్లు బిగుసుకుంటే ఫిక్సేటివ్ ఎక్కినట్టే. రక్తం పూర్తిగా పోకపోతే రెండు నష్టాలు. ఎర్ర రక్తకణాలు ఆకుపచ్చ ఛానెల్‌లో వాటంతటవే మెరుస్తాయి, నాళాల్లో మిగిలిన మోనోసైట్లు ఐబా-1 పట్టి మైక్రోగ్లియాలా కనబడి మోసం చేస్తాయి.

మెదడును అదే ఫిక్సేటివ్‌లో 4 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచండి, 24 గంటలు దాటనివ్వకండి. దాటితే యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోట్లు మూసుకుపోతాయి. తర్వాత 30 శాతం సుక్రోజ్‌లో, మునిగేదాకా. సాధారణంగా రెండు రోజులు పడుతుంది. తేలుతున్న మెదడును తొందరపడి గడ్డకట్టిస్తే లోపల మంచు స్ఫటికాలు ఏర్పడి ముక్క జల్లెడలా తయారవుతుంది.

మందం 40 మైక్రాన్లు. ఈ విషయంలో రాజీ వద్దు. మైక్రోగ్లియా కొమ్మలు దాదాపు 50 మైక్రాన్ల మేర పరుచుకుంటాయి. 10 మైక్రాన్ల ముక్క కోస్తే కొమ్మలన్నీ తెగి, ఆరోగ్యంగా ఉన్న కణం కూడా మొద్దుగా కనబడుతుంది. అది చూసి "వాపు" అని రాసే పొరపాటు తరచూ జరుగుతుంది. ముక్కలను ఆరు గుంతల్లో వరసగా వేసుకుంటూ వెళ్తే ఒక్కో గుంతలో 240 మైక్రాన్లకు ఒక ముక్క చొప్పున దొరుకుతుంది. దాచుకోవడానికి 30 మి.లీ. గ్లిసరాల్, 30 మి.లీ. ఇథిలీన్ గ్లైకాల్, 40 మి.లీ. పీబీఎస్ కలిపి మైనస్ 20 డిగ్రీల్లో పెట్టండి.

రంగు వేయడం

24 గుంతల ప్లేటులో, ముక్కలు తేలుతుండగానే చేయాలి.

1. పీబీఎస్‌తో పది నిమిషాల చొప్పున మూడుసార్లు కడగండి. గ్లైకాల్ మిగిలితే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది.
2. 5 శాతం మేక సీరం, 0.3 శాతం ట్రైటాన్ (కణ పొరలకు రంధ్రాలు చేసే డిటర్జెంట్) ఉన్న పీబీఎస్‌లో గంటసేపు. యాంటీబాడీ అనవసరమైన చోట అతుక్కోకుండా చేసే ఈ పనినే బ్లాక్ చేయడం అంటారు.
3. అదే ద్రావణంలో మొదటి యాంటీబాడీలు: కుందేలులో తయారైన ఐబా-1 యాంటీబాడీ వెయ్యికి ఒకటి, ఎలుకలో (ర్యాట్) తయారైన సీడీ68 యాంటీబాడీ ఐదువందలకు ఒకటి. సీడీ68 అనేది కణం లోపలి జీర్ణ సంచుల్లో (లైసోజోముల్లో) ఉండే ప్రోటీన్. 4 డిగ్రీల దగ్గర, నెమ్మదిగా ఊగే షేకర్ మీద రాత్రంతా.
4. మళ్లీ మూడు కడుగుళ్లు. తర్వాత మొదటివాటికి అతుక్కుని మెరిసే రెండో యాంటీబాడీలు ఐదువందలకు ఒకటి, చీకట్లో రెండు గంటలు. ఐబా-1కి 488 (ఆకుపచ్చ) రంగు, సీడీ68కి 647 (దూరపు ఎరుపు) రంగు ఉన్నవి.
5. కేంద్రకాలకు రంగు పట్టించే డాపి మి.లీ.కి 1 మైక్రోగ్రాము, ఐదు నిమిషాలు. కడిగి స్లైడు మీదికి ఎత్తండి.

గుంతకు 300 మైక్రోలీటర్లు చాలు. పది గుంతలకు పది శాతం అదనంగా కలిపి 3.3 మి.లీ. ద్రావణం ఒకేసారి చేసుకుంటే ఐబా-1 3.3, సీడీ68 6.6 మైక్రోలీటర్లు వేయాలి. గుంత గుంతకూ 0.3 మైక్రోలీటర్లు విడిగా కొలిస్తే పిపెట్ లోపమే మీ ఫలితమవుతుంది.

సీడీ68ని 647లోనే పెట్టమనడానికి కారణం ఉంది. ముసలి జంతువుల్లో లిపోఫ్యూసిన్ అనే చెత్త లైసోజోముల్లో పేరుకుని తనంతట తానే మెరుస్తుంది. సీడీ68 ఉండేదీ లైసోజోముల్లోనే. రెండూ ఒకే చోట, ఒకేలాంటి చుక్కలు. దూరపు ఎరుపులో ఆ మెరుపు తక్కువ. అయినా మొదటి యాంటీబాడీ వేయని ముక్క ఒకటి, అదే వయసు జంతువుది, ప్రతి బ్యాచ్‌లో తప్పనిసరి.

రెండో యాంటీబాడీ మీద ఇంకో మెలిక. ఎలుక యాంటీబాడీని పట్టేది చిట్టెలుక ప్రోటీన్లను పట్టకుండా శుద్ధి చేసినదై ఉండాలి. నాళాలు దెబ్బతిన్న మెదడులోకి జంతువు సొంత యాంటీబాడీలు కారి ఉంటాయి. శుద్ధి చేయనిది వాటికి అతుక్కుని, దెబ్బతిన్న చోటే ఎక్కువగా మెరుస్తుంది. చూడటానికి అచ్చం మీరు ఆశించిన ఫలితంలాగే ఉంటుంది! ఇక మేకలో తయారైన ఐబా-1 వాడితే మేక సీరంతో బ్లాక్ చేయకండి, గాడిద సీరం తీసుకోండి.

ఫొటోలు, కొలతలు

లేజర్ బలాన్ని అన్నిటికంటే ఎక్కువ మెరిసే నమూనా మీద, ఏ పిక్సెలూ నిండిపోకుండా నిర్ణయించి, ఆపై ఎవరి కోసమూ మార్చకండి. 40 రెట్ల ఆయిల్ లెన్స్, లోతులో 1 మైక్రాన్ అడుగులు. లోతు వెంట ఐబా-1 వెలుగు గీత గీసి చూడండి. అంచులు రెండూ మెరిసి నడుమ మసకగా ఉంటే యాంటీబాడీ లోపలిదాకా చేరలేదు. మొదటి యాంటీబాడీని 48 గంటలకు పెంచండి.

సాంద్రతకు ఉదాహరణ: 300 × 300 × 20 మైక్రాన్ల పెట్టె అంటే 0.0018 ఘన మి.మీ. అందులో 12 కణాలుంటే ఘన మి.మీ.కి దాదాపు 6,670. మందం కోసం 40 అని వేయకండి. స్లైడు మీద ఆరాక ముక్క కుంచించుకుపోతుంది, మైక్రోస్కోప్ చూపిన లోతే లెక్క. ఐబా-1 కేంద్రకంతో కలిసి కనబడిన కణాన్నే లెక్కించండి.

ఆకారానికి ఫిజీ సాఫ్ట్‌వేర్‌లో నేపథ్యం తీసేసి, నలుపు తెలుపు చేసి, అస్థిపంజరంగా మార్చి, కొమ్మల పొడవునూ చివరి బిందువులనూ కణాల సంఖ్యతో భాగించండి. అంచును తాకే కణాలను వదిలేయండి. కార్పస్ కలోసంలో కణాలు నరాల తీగల వెంట సాగి, కొమ్మలు తక్కువగా ఉండటం మామూలే. వాటిని కార్టెక్స్ కణాలతో పోల్చడం తప్పు.

8 జంతువుల నుంచి 30 కణాల చొప్పున కొలిస్తే మీ సంఖ్య 240 కాదు, 8. జంతువుకు ఒక సగటు తీసుకోండి, లేదా ఏ కణం ఏ జంతువుదో లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ అనే గణాంక పద్ధతి వాడండి. స్లైడు మీద గ్రూపు పేరు కాకుండా కోడు ఉండాలి, కోడు రాసినవారు కొలవకూడదు.

చదవడం

ఐబా-1 వెలుగు పెరగడం వేరు, కణాలు పెరగడం వేరు. పైగా నాళాల చుట్టూ ఉండే మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలూ, ఇన్‌ఫెక్షన్‌లో రక్తం నుంచి దిగివచ్చినవీ అదే రంగు పట్టుకుంటాయి. మైక్రోగ్లియాను గుర్తించే పీ2ఆర్‌వై12 అనే మరో ప్రోటీన్ రంగు జోడిస్తే కొంత తేలుతుంది. కానీ వాపులో మైక్రోగ్లియా కూడా దాన్ని తగ్గించుకుంటుంది కాబట్టి, అది లేని కణం బయటినుంచే వచ్చిందనలేం. మైక్రోగ్లియాను హాని చేసే ఎం1, మేలు చేసే ఎం2 అనే రెండు పెట్టెల్లో సర్దే అలవాటు మానాలని ఈ రంగంలోని పరిశోధకులే 2022లో కలిసి కోరారు. "కొమ్మలు తగ్గాయి, సీడీ68 పెరిగింది" అని చూసింది చూసినట్టు రాయండి.

జ్ఞాపకశక్తి కొలత కూడా అవే జంతువుల మీద, మెదడు తీయడానికి కనీసం ఒకరోజు ముందు జరగాలి. వై ఆకారంలో మూడు చేతులున్న వై-మేజ్ పెట్టెలో జంతువు 8 నిమిషాల్లో 26 సార్లు చేతుల్లోకి వెళ్లి, వరసగా మూడూ వేర్వేరు చేతులైన సందర్భాలు 18 అయితే, 18ని 24తో (26లో మొదటి రెండు పోగా) భాగించి 75 శాతం. మొత్తం ప్రవేశాలు బాగా తగ్గితే అది మతిమరుపు కాదు, నీరసం కావచ్చు. కెరోటిడ్ మోడల్‌లో కంటికి వెళ్లే రక్తం కూడా తగ్గుతుంది కనుక చూపు మీద ఆధారపడే పరీక్షలను అనుమానంతోనే తీసుకోండి.

ఇంతవరకూ తేలేది సంబంధమే, కారణం కాదు. కారణం కావాలంటే కణాలను తొలగించి చూడాలి: మైక్రోగ్లియాను చంపే పీఎల్ఎక్స్5622 అనే మందును కిలో మేతకు 1200 మి.గ్రా. చొప్పున పెడితే వారం పది రోజుల్లో మైక్రోగ్లియాలో ఎక్కువ భాగం పోతుంది, ఆపగానే మళ్లీ పుట్టుకొస్తుంది. ఈ మందు మెదడు బయటి మాక్రోఫేజ్‌లనూ తాకుతుంది. వైరస్ మోడల్‌లో దీన్ని మొదట్లోనే పెడితే కాపలా లేని మెదడులో వైరస్ పెరిగి జంతువులే చనిపోతాయి. వైరస్ శుభ్రమైందని పరీక్షలో తేలాకే మేత మార్చండి.